సాగదీత గాజులోనా, పిక్సెల్స్‌లోనా?

ఎత్తయిన భవనం ముందు నిలబడి, పై అంతస్తు కూడా ఫ్రేమ్‌లోకి రావాలని కెమెరాను కాస్త పైకెత్తితే చాలు, గోడలు రెండు పక్కల నుంచీ లోపలికి ఒరిగిపోతాయి. దీర్ఘచతురస్రంగా ఉండాల్సిన ముఖభాగం సమలంబ చతుర్భుజమై కూర్చుంటుంది. ఇందులో లెన్స్ తప్పేమీ లేదు. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. కెమెరా వెనక్కి వాలగానే ఆ సమాంతరం పోతుంది. లెన్స్ చూపు దిశలో కొలిస్తే భవనం పైభాగం దూరమై చిన్నగా, కిందిభాగం దగ్గరై పెద్దగా పడతాయి.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, కెమెరాను రసమట్టం చూసుకుని తిన్నగా ఉంచి, లెన్స్‌ను మాత్రం పైకి జరపడం. దీన్నే షిఫ్ట్ అంటారు. రెండోది, కెమెరాను పైకెత్తే తీసేసి, ఒరిగిన గోడలను ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టడం. చిన్న సెన్సర్ కెమెరాల్లో ఈ చర్చ పాతదే. మీడియం ఫార్మాట్‌లో, అంటే ఇంకా పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాల్లో, మాత్రం దానికి పదును ఎక్కువ. సెన్సర్‌లో 100 మెగాపిక్సెల్స్ ఉన్నప్పుడు కొన్ని పోతే ఏం పోయిందన్న ధైర్యం ఒకపక్క, ఆ సెన్సర్‌కు సరిపడా షిఫ్ట్ లెన్స్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉండటం మరోపక్క.

చర్చ మొదలైతే ముందుగా వినిపించే మాట ఇది: షిఫ్ట్‌తో తీసిన భవనం సహజంగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో సరిచేసింది సాగదీసినట్టు ఉంటుంది. వినడానికి బాగుంటుంది కానీ, జ్యామితి దీన్ని ఒప్పుకోదు. పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరివీ దూరపువీ ఒకదాని పక్కన ఒకటి ఎలా కనిపిస్తాయన్నదాన్ని, తేల్చేది కెమెరా ఎక్కడ నిలబడిందన్న ఒక్క విషయమే. అదే చోట నిలబడి కెమెరాను ఎటు తిప్పినా లెన్స్‌లోకి వచ్చే కిరణాలు అవే. వాటిని ఏ తలం మీద పడనిచ్చామన్నదే తేడా. షిఫ్ట్‌లో ఆ తలం గోడకు సమాంతరంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాలు తలం మీద పడ్డ బొమ్మను లెక్కగట్టి, సమాంతర తలం మీద పడి ఉంటే ఎలా ఉండేదో అలా మారుస్తుంది. లెక్క సరిగ్గా చేస్తే రెండు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు గీతకు గీత కలుస్తుంది. సాగదీత రెండింటిలోనూ ఉంది. షిఫ్ట్‌లో అది గాజులో జరుగుతుంది, సెన్సర్ బొమ్మను పిక్సెల్స్‌గా కోయకముందే. సాఫ్ట్‌వేర్‌లో కోసిన తర్వాత జరుగుతుంది. మిగతా తేడాల్లో చాలావరకు ఇక్కడి నుంచి పుట్టుకొచ్చేవే.

తీశాక సరిచేయడం కంప్యూటర్‌తో పుట్టిన అలవాటు కూడా కాదు. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) కింద కాగితం ఉంచే పలకను ఒకపక్క ఎత్తి, ఒరిగిన గోడలను నిలబెట్టేవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే, టిల్ట్ లెన్స్‌ల (ఫోకస్‌ను మార్చుకోవడానికి వాల్చగలిగే లెన్స్‌ల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ వినిపించే పేరు థియోడర్ షైమ్‌ఫ్లూగ్. ఈ ఆస్ట్రియా సైనికాధికారి 1904లో పేటెంట్ తీసుకున్నది అందమైన ఫోకస్ కోసం కాదు. ఆకాశం నుంచి వాలుగా తీసిన ఫొటోలను మళ్లీ ఫొటో తీసి, మ్యాపుకు పనికొచ్చేలా సరిచేయడం ఆయన పని. షిఫ్ట్, టిల్ట్ అభిమానులు తలచుకునే ఆ పెద్దాయన నిజానికి ‘తర్వాత చూసుకుందాం’ పక్షం.

షిఫ్ట్ ఎలా సాధ్యమవుతుందో చూడాలంటే ఇమేజ్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టాలి. లెన్స్ వెనక పడే బొమ్మ గుండ్రంగా ఉంటుంది; సెన్సర్ అందులోంచి ఒక ముక్కను తీసుకుంటుంది. ఫూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ కెమెరా వరసల్లోని సెన్సర్ సుమారు 43.8 × 32.9 మి.మీ. దాని కర్ణం దాదాపు 55 మి.మీ. మామూలు లెన్స్ అంతకు కొంచెం పెద్ద సర్కిల్ ఇస్తే సరిపోతుంది. షిఫ్ట్ లెన్స్‌కు అది చాలదు, లెన్స్ పక్కకు జరిగినా సెన్సర్ అంతటా బొమ్మ పడాలి. 2023లో ఫూజీఫిల్మ్ ప్రకటించిన జీఎఫ్ 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ లెన్స్ సర్కిల్ 85 మి.మీ., షిఫ్ట్ అటూ ఇటూ 15 మి.మీ. సెన్సర్‌ను అడ్డంగా ఉంచి లెన్స్‌ను పూర్తిగా పైకి జరిపితే, ఫ్రేమ్‌లో అన్నిటికన్నా దూరపు మూల సర్కిల్ మధ్య నుంచి సుమారు 38.3 మి.మీ. దూరంలో పడుతుంది. సెన్సర్‌ను నిలువుగా తిప్పితే 40.4. సర్కిల్ వ్యాసార్ధం 42.5. అంచు వరకూ వాడుకునేలా లెక్క చూసుకుని కట్టిన లెన్స్ అని ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ వెడల్పంతా గాజుతో నింపాలి కాబట్టి బరువు కూడా కిలోంపావు దాటింది.

ఇప్పుడు ఇదే లెన్స్‌తో రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కెమెరా మట్టంగా ఉంది, లెన్స్ 15 మి.మీ. పైకి జరిగింది. ఫ్రేమ్ పై అంచు, కంటి మట్టానికి సుమారు 46 డిగ్రీల పైన ఉన్న చోటును చూస్తుంది. కింది అంచు మట్టానికి 3 డిగ్రీలు మాత్రమే కిందకు వెళ్తుంది. అంటే ఫ్రేమ్‌లో నేల దాదాపు లేదు, అంతా భవనమే. షిఫ్ట్ లేకుండా అదే 46 డిగ్రీల ఎత్తు అందుకోవాలంటే కెమెరాను 17.6 డిగ్రీలు పైకెత్తాలి.

భవనం పైకొసన, ఫ్రేమ్ మధ్యలో, ఒక గుండ్రటి కిటికీ ఉందనుకుందాం. షిఫ్ట్ ఫ్రేమ్‌లో అది 200 పిక్సెల్స్ వెడల్పు, 200 పిక్సెల్స్ ఎత్తు ఉన్న సున్నాగా పడింది. కెమెరా ఎత్తి తీసిన ఫ్రేమ్‌లో అదే కిటికీ సుమారు 157 పిక్సెల్స్ వెడల్పు, 124 పిక్సెల్స్ ఎత్తు ఉన్న అణిగిన కోడిగుడ్డు. దాన్ని తిరిగి 200 × 200 చేయాలంటే అడ్డంగా 1.27 రెట్లు, నిలువుగా 1.61 రెట్లు సాగదీయాలి. విస్తీర్ణంలో రెట్టింపు దాటుతుంది. అంటే ఆ ప్రాంతంలో తెరమీద కనిపించే ప్రతి రెండు పిక్సెల్స్‌లో ఒకటి సాఫ్ట్‌వేర్ పక్కవాటిని చూసి ఊహించి పెట్టిందే. కిటికీ చట్రం మీద సన్నటి కమ్ములుంటే అవి మెత్తబడతాయి. అక్కడి నాయిస్ (ఫొటోలో గరుకుగా కనిపించే చుక్కలు) గింజలు కూడా నిలువుగా సాగి, భవనం కింది భాగంలోని నాయిస్‌తో పోలిక లేకుండా తయారవుతాయి.

కింద మాత్రం సంగతి తిరగబడుతుంది. వాకిలి దగ్గర అదే సైజు వస్తువుకు, ఎత్తి తీసిన ఫ్రేమ్‌లో షిఫ్ట్ కన్నా ఎక్కువ పిక్సెల్సే దొరుకుతాయి, 200కు బదులు 213 × 227 దాకా. వాటిని సాఫ్ట్‌వేర్ కుదిస్తుంది. అంటే వివరం అన్నిచోట్లా తగ్గలేదు, అక్కర్లేని చోట పోగుపడి, కావాల్సిన చోట కరువైంది. ఇక సరిచేశాక మిగిలే ఆకారం పైన వెడల్పు, కింద ఇరుకు. దీర్ఘచతురస్రంగా కత్తిరిస్తే పైన రెండు పక్కలా తీసిందంతా వృథా. జీఎఫ్ఎక్స్ 100 తరగతి సెన్సర్‌లోని 102 మెగాపిక్సెల్స్‌లో చివరి ఫొటోలోకి నిజంగా చేరేది 74 మెగాపిక్సెల్స్ సమాచారమే. పైగా షిఫ్ట్ ఫ్రేమ్‌తో పోలిస్తే వెడల్పులో 6 శాతం దృశ్యం తక్కువ.

74 తక్కువా? తెర మీద చూసే ఫొటోకు అది అక్కర్లేనంత ఎక్కువ. ఆ సెన్సర్ పొడవు 11,648 పిక్సెల్స్. అంగుళానికి 300 చొప్పున ప్రింట్ తీస్తే దాదాపు మీటరు వెడల్పు వస్తుంది. ఆ మీటరు ప్రింట్‌లో భవనం కొస దగ్గర మాత్రం నిలువుగా అసలు వివరం అంగుళానికి 186కు పడిపోతుంది. రెండడుగుల దూరం నుంచి చూసేవారికి తెలియకపోవచ్చు. ముక్కు ఆనించి చూసేవాళ్లు మీడియం ఫార్మాట్ ప్రింట్ల దగ్గరే ఎక్కువ కనిపిస్తారు కాబట్టి, వాళ్లకు తెలుస్తుంది.

కోణం మారితే ఈ లెక్క చాలా వేగంగా మారిపోతుంది. అసలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. అదే 30 మి.మీ. లెన్స్‌తో కెమెరాను 5 డిగ్రీలు ఎత్తితే పై అంచున విస్తీర్ణపు సాగదీత 1.17 రెట్లు, ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. 10 డిగ్రీలకు 1.42. 17.6కు 2.05. 25 డిగ్రీలకు 3.26. మొదటి ఐదు డిగ్రీలకూ చివరి ఐదారు డిగ్రీలకూ ధర ఒకటి కాదు. అందుకే ఒకరు ‘సాఫ్ట్‌వేర్ చాలు’ అని, ఇంకొకరు ‘పనికిరాదు’ అని వాదించుకుంటుంటే, సాధారణంగా ఇద్దరూ వేర్వేరు ఎత్తున్న భవనాల గురించి మాట్లాడుతున్నట్టే.

అంతగా చర్చకు రాని మూడో దారి ఒకటి ఉంది: ఇంకా వెడల్పాటి లెన్స్ పెట్టి, కెమెరాను మట్టంగానే ఉంచి, కింద అక్కర్లేని నేలను కత్తిరించేయడం. జ్యామితి పరంగా ఇది అచ్చంగా షిఫ్టే. సర్కిల్‌లోంచి పక్కకు జరిగిన ముక్కను లెన్స్ జరిపి కాకుండా కత్తెరతో తీసుకుంటున్నాం, అంతే. పై ఉదాహరణకే 20 మి.మీ. లెన్స్ పెట్టి కెమెరాను నిలువుగా పట్టుకుంటే భవనం కొస వరకూ అందుతుంది, 30 మి.మీ. షిఫ్ట్ ఫ్రేమ్‌లో కనిపించే దృశ్యమంతా సెన్సర్ విస్తీర్ణంలో 44 శాతంలో పడుతుంది. అంటే 45 మెగాపిక్సెల్స్. 74 కన్నా తక్కువే కానీ, ఇందులో ఒక్క పిక్సెల్ కూడా సాగదీసింది కాదు. అడుగున ఎంత వివరమో పైన కూడా అంతే, లెన్స్ అంచు పరీక్షలో నిలబడినంత మేరకు. చేతిలో కెమెరాతో, ట్రైపాడ్ లేకుండా, జనం మధ్య తీయాల్సి వస్తే మూడింటిలో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఇదే. 50 మెగాపిక్సెల్స్ రోజుల్లో ఇలా చేస్తే చేతిలో మిగిలేది 22. సెన్సర్ సాంద్రత పెరగడం వల్ల ఎక్కువ లాభపడింది సాఫ్ట్‌వేర్ సవరణ కాదు, ఈ కత్తిరింపే అనిపిస్తుంది.

ఇంతవరకూ చదివితే షిఫ్ట్‌కు ఖర్చే లేదన్నట్టు ఉంటుంది. ఉంది, గాజు దగ్గర కట్టాలి. 46 డిగ్రీల కోణంలో వచ్చే వెలుగు, కొసైన్ నాలుగో ఘాతం సూత్రం ప్రకారం, మధ్యలో పడే వెలుగులో 23 శాతమే. రెండు స్టాపులకు పైగా చీకటి (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం). లెన్స్‌ను సెన్సర్‌కు దూరంగా ఉంచే రెట్రోఫోకస్ డిజైన్లు దీన్ని కొంత తగ్గిస్తాయి కానీ పూర్తిగా తుడిచేయలేవు. ఆ చీకటిని తర్వాత వెలిగిస్తే అక్కడ నాయిస్ కూడా లేస్తుంది. షార్ప్‌నెస్ కూడా సర్కిల్ అంచున తగ్గుతుంది. కెమెరా ఎత్తి తీసినప్పుడు అదే కిటికీ లెన్స్ మధ్య నుంచి 29 డిగ్రీల లోపే ఉంటుంది, అక్కడ లెన్స్ ఇంకా బలంగానే ఉంటుంది. కాబట్టి 200 పిక్సెల్స్‌కు 124 పిక్సెల్స్ అన్న పోలిక మంచి లెన్స్ ఉంటేనే నిజం. అంచులు మెత్తగా ఉండే షిఫ్ట్ లెన్స్ ఇచ్చే 200 పిక్సెల్స్‌లో, గట్టి మామూలు లెన్స్ ఇచ్చే 124 కన్నా ఎక్కువ వివరం ఉంటుందని చెప్పలేం. పాత ఫిల్మ్ కాలపు షిఫ్ట్ లెన్స్‌లను అడాప్టర్ పెట్టి 100 మెగాపిక్సెల్స్ సెన్సర్ మీద వాడేవారు ముందు ఈ పరీక్ష చేసుకోవాలి. అప్పట్లో మామియా 645కు 50 మి.మీ., పెంటాక్స్ 67కు 75 మి.మీ., రోలై 6×6 కెమెరాలకు 55 మి.మీ. షిఫ్ట్ లెన్స్‌లు ఉండేవి. అవి ఫిల్మ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి.

మామూలు లెన్స్‌కే షిఫ్ట్ తెచ్చే ప్రయత్నాలూ జరిగాయి. హాసెల్‌బ్లాడ్ హెచ్ కెమెరాలకు వచ్చిన హెచ్‌టీఎస్ 1.5 అడాప్టర్ అలాంటిదే. సర్కిల్ సరిపోదు కాబట్టి లోపల గాజు పెట్టి బొమ్మను 1.5 రెట్లు పెద్దది చేస్తుంది. అందుకు ప్రతిగా ఒక స్టాపుకు పైగా వెలుగు పోతుంది, వెడల్పాటి లెన్స్ అంత వెడల్పుగా మిగలదు. భవనాలు తీసేవాళ్లకు రెండోదే పెద్ద దెబ్బ.

దీన్ని వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఆల్పా, కాంబో, ఆర్కా-స్విస్ లాంటి టెక్నికల్ కెమెరాల వైపు వెళ్లడానికి కారణం ఇదంతానే. అక్కడ లెన్స్ కదలకుండా ఉండి వెనకున్న డిజిటల్ బ్యాక్, అంటే సెన్సర్ ఉన్న భాగం, జరుగుతుంది. రోడెన్‌స్టాక్ హెచ్ఆర్ డిజారాన్-డబ్ల్యూ 32 మి.మీ. లెన్స్ సర్కిల్ 90 మి.మీ.; 53.4 × 40 మి.మీ. పెద్ద సెన్సర్ మీద కూడా నిలువుగా దాదాపు 16 మి.మీ. జరపొచ్చు. లెన్స్ కదలదు కాబట్టి రెండు మూడు ఫ్రేములు తీసి అతికించినా పారలాక్స్ గొడవ (చూసే చోటు మారి దగ్గరి, దూరపు వస్తువులు పొంతన తప్పడం) లేదు. గొడవ ఇంకోచోట ఉండేది. సెన్సర్‌కు మరీ దగ్గరగా కూర్చునే లెన్స్‌ల నుంచి కిరణాలు ఏటవాలుగా పడి, ఫ్రేమ్ ఒకవైపు ఆకుపచ్చగా, ఇంకోవైపు గులాబీగా మారేది. అందుకే ప్రతి షిఫ్ట్‌కూ లెన్స్ ముందు తెల్లటి పలక అడ్డంపెట్టి ఇంకో ఫ్రేమ్ తీసుకుని, దాంతో రంగు సరిచేయడం ఆనవాయితీ అయింది. ఫేజ్ వన్ ఐక్యూ4 150 డిజిటల్ బ్యాక్‌లో ఉన్నలాంటి, ఏటవాలు వెలుగును మెరుగ్గా అందుకునే బ్యాక్-సైడ్ ఇల్యూమినేటెడ్ సెన్సర్లు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది.

ఇక సాఫ్ట్‌వేర్ వైపు, పిక్సెల్స్ నష్టం కన్నా తరచుగా కనిపించే తప్పు వేరే ఉంది. ఇందాకటి కిటికీని మళ్లీ చూస్తే, అడ్డంగా 1.27, నిలువుగా 1.61. ఈ రెండోది మొదటిదాని వర్గం. ఫొటోలో నాలుగు మూలలు పట్టుకుని గోడలు నిలువయ్యేదాకా లాగితే అడ్డం సరిపోతుంది. నిలువు ఎంత సాగాలో ఆ గీతలు చెప్పవు. దానికి ఫోకల్ లెంగ్త్, సెన్సర్ సైజు, కెమెరా ఎంత వాలిందన్నది తెలియాలి. అవి తెలియని టూల్ అడ్డం మాత్రమే సరిచేసి వదిలేస్తే కిటికీ 200 × 124గా మిగిలిపోతుంది, పది అంతస్తుల భవనం ఎనిమిది అంతస్తుల దానిలా బొద్దుగా కూర్చుంటుంది. చాలామంది ‘సాఫ్ట్‌వేర్ సహజంగా ఉండదు’ అనడానికి మూలం ఈ నిష్పత్తి తప్పే. 2013లో లైట్‌రూమ్ 5తో వచ్చిన అప్‌రైట్ లాంటి ఆటోమేటిక్ టూల్స్ ఫొటోతో పాటు నమోదైన లెన్స్ వివరాలను వాడుకుంటాయి. అడాప్టర్ మీద పెట్టిన మాన్యువల్ లెన్స్ అయితే ఆ వివరాలే ఉండవు. అలాంటప్పుడు యాస్పెక్ట్ స్లైడర్‌ను చేత్తోనే సర్దాలి. భవనంలో గుండ్రంగా గానీ, చతురస్రంగా గానీ ఉందని కచ్చితంగా తెలిసిన వస్తువు ఏదైనా, గడియారం, టైల్, ఏదో ఒకటి, అప్పుడు అక్కరకొస్తుంది.

షిఫ్ట్ ఫైళ్లకు దీనికి అద్దంలో బొమ్మలాంటి చిక్కు ఉంది. లెన్స్ ప్రొఫైల్ సవరణలు (ఆ లెన్స్ పెట్టే వంకరను సాఫ్ట్‌వేర్ దానంతటదే తీసేసేవి) ఫ్రేమ్ మధ్యబిందువే లెన్స్ మధ్యబిందువు అనుకుంటాయి. 15 మి.మీ. జరిపిన ఫ్రేమ్‌లో అది అబద్ధం. షిఫ్ట్ ఎంతో ఫైల్‌లో నమోదు కాకపోతే, వంకర తీయాల్సిన ప్రొఫైల్ కొత్త వంకర పెడుతుంది. అలాంటి ఫైల్ మీద ఆ సవరణను ఆపేయడమే మంచిది.

సాఫ్ట్‌వేర్ ఎన్నటికీ సరిచేయలేనిది ఒకటుంది: ఫోకస్ తలం, అంటే ఏ దూరంలోని తలం షార్ప్‌గా పడుతుందన్నది. కెమెరా వాలితే ఫోకస్ తలం కూడా వాలుతుంది. 30 మి.మీ. లెన్స్‌తో 20 మీటర్ల దూరపు భవనానికి ఇది పెద్ద టెన్షన్ కాదు. 17.6 డిగ్రీల వాలుకు, లెన్స్ చూపు దిశలో కొలిస్తే, భవనం అడుగు దాదాపు 19 మీటర్ల దగ్గర, కొస 25 మీటర్ల దగ్గర పడతాయి, ఎఫ్/8 దగ్గర రెండూ డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌లోనే, అంటే షార్ప్‌గా కనిపించే లోతులోనే, ఉంటాయి. బల్ల మీద వస్తువు తీసేటప్పుడు కథ వేరు. మీటరు దూరంలో నిలబెట్టిన అట్టపెట్టెను 110 మి.మీ. లెన్స్‌తో కాస్త పైనుంచి తీస్తున్నామనుకుందాం, పై మూత కూడా కనబడాలి కాబట్టి. కెమెరాను కిందకు వంచితే పెట్టె అంచులు కిందకు పోయేకొద్దీ ఇరుకవుతాయి. దాన్ని సాఫ్ట్‌వేర్ నిలబెట్టగలదు. ఎఫ్/11 దగ్గర కూడా షార్ప్‌గా ఉండేది కొద్ది సెంటీమీటర్ల మందమే. వాలిన ఫోకస్ తలం పెట్టె ముందు ముఖాన్ని ఒక అడ్డపట్టీ దగ్గర మాత్రమే కోసుకుంటూ పోతుంది. పేరు షార్ప్‌గా ఉంటే కింద అక్షరాలు మసక. కెమెరాను వస్తువు కన్నా ఎత్తులో మట్టంగా ఉంచి లెన్స్‌ను కిందకు జరిపితే, ఫోకస్ తలం పెట్టె ముఖానికి సమాంతరంగా ఉండి అక్షరాలన్నీ ఒక్కసారే పడతాయి. మీడియం ఫార్మాట్‌లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ముందే తక్కువ. అందుకే షిఫ్ట్‌కు అన్నిటికన్నా గట్టి వాదన భవనాల దగ్గర కన్నా ఈ బల్ల దగ్గరే దొరుకుతుంది.

ఫ్రేమింగ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. షిఫ్ట్‌లో చూసిందే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే పక్కల ఎంత పోతుందో ఊహించి ఖాళీ వదలాలి. ఆ ఊహ తప్పిందని తెలిసేసరికి భవనం దగ్గర ఉండం.

పని చేసేవాళ్ల చేతుల్లో ఈ రెండూ చాలాసార్లు కలిసే నడుస్తాయి. భవనం మరీ ఎత్తయి 15 మి.మీ. షిఫ్ట్ కూడా చాలకపోతే, లెన్స్‌ను చివరి వరకూ జరిపి, మిగిలిన నాలుగైదు డిగ్రీలను కెమెరా ఎత్తి తీసుకుంటారు. అయితే జరిపిన ఫ్రేమ్ పై అంచు అప్పటికే 46 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడి నుంచి ఇంకో 5 డిగ్రీలు ఎత్తితే విస్తీర్ణపు సాగదీత 1.17 కాదు, 1.35 రెట్లు. మామూలు లెన్స్ విషయంలో ఉచితంగా దొరికిన ఐదు డిగ్రీలు ఇక్కడ ఉచితం కావు. ఈ కలయికలో ఒకటి రెండు డిగ్రీల ఒరుగుదలను సరిచేయకుండా కావాలనే వదిలేయడం కూడా ఉంది. కింద నిలబడి తలెత్తి చూసే కంటికి గోడలు పైకి కాస్త దగ్గరవడం అలవాటు. వాటిని పూర్తిగా నిలువు చేస్తే భవనం పైన వెడల్పయి ముందుకు తూలుతున్నట్టు అనిపిస్తుంది, అది గాజులో నిలువైనా, పిక్సెల్స్‌లో నిలువైనా.